కెప్టెన్ టోపీ పెట్టుకుని ఓడెత్తుకెళ్లిన బానిస

1862 మే 13. తెల్లవారుజామున మూడు గంటలు దాటింది. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, చార్ల్స్‌టన్ రేవు. ‘ప్లాంటర్’ అనే స్టీమరు బాయిలర్ రాజేసుకుని మెల్లగా గట్టు నుంచి కదిలింది. పైన కెప్టెన్ కోటు, వెడల్పాటి గడ్డిటోపీ వేసుకుని ఒకాయన నిలబడ్డాడు. దూరం నుంచి చూసినవాళ్లకి రోజూ కనిపించే తెల్ల కెప్టెనే అనిపిస్తుంది. కానీ ఆ కోటులో ఉన్నది కెప్టెన్ కాదు. రాబర్ట్ స్మాల్స్ అనే 23 ఏళ్ల నల్లజాతి కుర్రాడు. చట్టం లెక్కలో అప్పటికి అతను మనిషి కూడా కాదు, ఇంకొకరి ఆస్తి.

అమెరికా అంతర్యుద్ధం గురించి స్కూల్లో మనం చదివింది రెండు లైన్లు. ‘ఉత్తరాదికి, దక్షిణాదికి యుద్ధం జరిగింది. లింకన్ బానిసత్వాన్ని రద్దు చేశాడు.’ అంతే. పరీక్షలో రెండు మార్కులకి అది చాలు. కానీ అసలు కథ ఆ తర్వాతే ఉంది. స్వేచ్ఛ వచ్చింది సరే, చేతిలో ఏం పెట్టారు? ఓటు ఇచ్చారు సరే, ఎన్నాళ్లు ఉంచారు? ఈ ప్రశ్నలన్నీ ఒకే మనిషి జీవితంలో కనిపిస్తాయి. ఆయనే ఈ స్మాల్స్.

పెళ్లాం పిల్ల రేటు 800 డాలర్లు

స్మాల్స్ పుట్టింది 1839లో, బ్యూఫర్ట్ అనే చిన్న ఊళ్లో. యజమాని హెన్రీ మెక్కీ ఇంటి వెనక ఉన్న బానిసల గుడిసెలో. అమ్మ లిడియా ఆ ఇంట్లో పనిమనిషి. 12 ఏళ్లకే కుర్రాణ్ని చార్ల్స్‌టన్ పంపి కూలికి పెట్టారు. వీధి దీపాలు వెలిగించాడు, హోటల్లో సర్వర్‌గా చేశాడు, రేవులో మూటలు మోశాడు, చివరికి ఓడల మీదికి చేరాడు. కష్టం అతనిది, కూలి డబ్బుల్లో సింహభాగం యజమానిది. అతని చేతికి మిగిలేది చిల్లరే.

17 ఏళ్లకి హానా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా బానిసే, వేరే యజమాని సొత్తు. పాప పుట్టింది. రూలు ప్రకారం తల్లి ఎవరి సొత్తయితే బిడ్డ కూడా వాళ్ల సొత్తే. అంటే ఏ రోజైనా వాళ్లిద్దర్నీ ఎవరికైనా అమ్మేయొచ్చు. స్మాల్స్ వెళ్లి ఆ యజమానితో బేరం మాట్లాడాడు. భార్య, కూతురు కలిపి 800 డాలర్లు. కూడబెట్టింది చూసుకుంటే 100 డాలర్లే. ఆ లెక్కన మిగతాది పోగయ్యేసరికి పాప పెద్దదై, ఏ ఊరి సంతలో ఎవరి చేతికి వెళ్లిపోతుందో తెలీదు.

ఆ రాత్రి ఓడెత్తుకెళ్లడానికి దేశభక్తి ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా కారణం.

ప్లాంటర్ ఓడని దక్షిణాది సైన్యం ఆయుధాలు, సామాన్లు చేరవేయడానికి వాడేది. స్మాల్స్ పని చుక్కాని పట్టడం. పనితనంలో అతను పైలటే. కానీ బానిసకి ఆ హోదా ఇవ్వరు కాబట్టి ‘వీల్‌మ్యాన్’ అని పిలిచేవాళ్లు. ఆ రాత్రి తెల్ల ఆఫీసర్లు ముగ్గురూ ఒడ్డుకి దిగి ఊళ్లోకి వెళ్లారు. వాళ్ల నమ్మకం ఏంటంటే, బానిసలకి ఇంత ఓడ నడిపే తెలివి, ధైర్యం ఎక్కడిది అని.

ఓడ ముందు ఇంకో గట్టు దగ్గర ఆగింది. అక్కడ దాక్కున్న భార్యాపిల్లలు ఎక్కారు. మొత్తం 16 మంది. దొరికిపోయే పరిస్థితి వస్తే ఓడని ముంచేసి అందరూ కలిసి చావాలని ముందే అనుకున్నారు. దారి పొడవునా దక్షిణాది కాపలా కోటలు. ప్రతి చోటా సరైన విజిల్ సంకేతం ఇవ్వాలి. అవన్నీ స్మాల్స్‌కి కంఠతా వచ్చు. టోపీ కళ్ల మీదికి లాక్కుని, కెప్టెన్ నిలబడే తీరులోనే నిలబడి ఒక్కో కోటా దాటించాడు. అన్నిటికంటే ప్రమాదమైన సమ్‌టర్ కోట దాటేసరికి నాలుగున్నర. వాళ్లు అనుమానించేలోపు ఓడ ఫిరంగి దెబ్బకి అందనంత దూరం పోయింది.

ముందు ఇంకో గండం ఉంది. ఎదురుగా ఉత్తరాది నౌకాదళం. శత్రువు ఓడ దూసుకొస్తోందని వాళ్లు పేల్చేయబోయారు. అప్పుడు పైకెగిరిన తెల్లజెండా నిజానికి హానా తెచ్చిన దుప్పటి. ఆ దుప్పటే 16 ప్రాణాలు కాపాడింది. ఉత్తరాది చేతికి ఓడ, దానిలోని ఫిరంగులు, సంకేతాల పుస్తకం వచ్చాయి. వాటన్నిటికంటే విలువైంది, ఆ రేవు మూలమూలా తెలిసిన స్మాల్స్ బుర్ర.

అసలు యుద్ధం దేనికి?

‘రాష్ట్రాల హక్కుల కోసం’, ‘పన్నుల గొడవ’ అని ఇప్పటికీ కొందరు వాదిస్తుంటారు. అప్పటివాళ్లు రాసుకున్న కాగితాలు చూస్తే ఆ అనుమానం ఉండదు. 1860 నవంబర్‌లో లింకన్ గెలిచాడు. బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకి పాకనివ్వం అన్నది ఆయన పార్టీ మాట. డిసెంబర్ 20న సౌత్ కరోలినా విడిపోయింది. ఎందుకు విడిపోతున్నామో చెబుతూ విడుదల చేసిన ప్రకటనలో ఆ రాష్ట్రం ఎత్తిన ప్రధాన ఫిర్యాదు బానిసత్వం గురించే. దక్షిణాది ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ అయితే, నల్లవాళ్లు తెల్లవాళ్లతో సమానం కారన్న నమ్మకమే మా కొత్త ప్రభుత్వానికి పునాది అని 1861 మార్చిలో సభలో బాహాటంగా చెప్పాడు.

లెక్కలు చూడండి. 1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసలు సుమారు 40 లక్షలు. సౌత్ కరోలినాలో సగం కంటే ఎక్కువ జనం బానిసలే. వాళ్ల రెక్కల కష్టం మీద పండే పత్తే దక్షిణాదికి బంగారం. బ్రిటన్ మిల్లులకి కావాల్సిన పత్తిలో ముప్పాతిక వంతు అక్కడి నుంచే వెళ్లేది. అలాంటి వ్యాపారం ఎవరు వదులుకుంటారు?

ఇక్కడే కథలోకి మనమూ వస్తాం. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేసేసరికి బ్రిటన్‌లో మిల్లులు మూతపడ్డాయి. దొరల కళ్లు ఇండియా పత్తి మీద పడ్డాయి. ధరలు ఆకాశానికెళ్లాయి. బొంబాయి వ్యాపారులు కోట్లు గడించారు. మన కోస్తా పత్తికీ గిరాకీ వచ్చింది, కాకినాడ రేవు కళకళలాడింది. 1865లో యుద్ధం ఆగగానే ధరలు కుప్పకూలాయి. ఎక్కడో సౌత్ కరోలినాలో పేలిన ఫిరంగి మోత ఇక్కడి పత్తిరైతు దాకా వినిపించిందన్నమాట.

విముక్తి ఊరికే రాలేదు

‘లింకన్ ఇచ్చాడు, వాళ్లు పుచ్చుకున్నారు’ అన్నట్టు చెప్పుకుంటాం. మొదట్లో లింకన్ లక్ష్యం దేశాన్ని కలిపి ఉంచడం. నల్లవాళ్ల చేతికి తుపాకీ ఇవ్వడానికి ప్రభుత్వం వెనకాడింది. ఈలోగా పొలాలు వదిలి వేలమంది బానిసలు ఉత్తరాది సైన్యం దగ్గరికి నడిచొచ్చేశారు. వాళ్లని వెనక్కి పంపాలా, ఉంచుకోవాలా? ఈ ప్రశ్నని ప్రభుత్వం ముందు పెట్టింది ఆ పారిపోయి వచ్చిన వాళ్లే.

1862 ఆగస్టులో స్మాల్స్ కూడా వాషింగ్టన్ వెళ్లి, యుద్ధమంత్రి స్టాంటన్‌ని కలిసిన బృందంలో ఉన్నాడు. ఆ నెలలోనే సౌత్ కరోలినా తీరంలో 5,000 మంది దాకా నల్లజాతి సైనికుల్ని చేర్చుకోవడానికి అనుమతి వచ్చింది. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన. దానికీ ఒక మెలిక ఉంది. తిరుగుబాటు ప్రాంతాలకే అది వర్తిస్తుంది. బానిసత్వం ఉన్నా ఉత్తరాది పక్షాన నిలబడ్డ కెంటకీ, మేరీల్యాండ్ లాంటి రాష్ట్రాలకి వర్తించదు. కానీ అదే ప్రకటన నల్లవాళ్లకి సైన్యం తలుపులు తెరిచింది. యుద్ధం ముగిసేసరికి సుమారు 1 లక్షా 80 వేల మంది సైన్యంలో, మరో 19 వేల మంది నౌకాదళంలో పనిచేశారు.

స్మాల్స్ అదే ప్లాంటర్ మీద పైలట్ అయ్యాడు. 1863 డిసెంబర్‌లో కాల్పులు మొదలైతే తెల్ల కెప్టెన్ లొంగిపోదాం అని బొగ్గు గదిలో దూరాడు. తెల్లవాళ్లనైతే ఖైదీలుగా పట్టుకుంటారు, నల్లవాళ్లని చంపుతారు లేదా మళ్లీ బానిసల్ని చేస్తారు. ఆ సంగతి స్మాల్స్‌కి తెలుసు. చుక్కాని తనే పట్టి ఓడని బయటపడేశాడు. ఆ తర్వాత కెప్టెన్ పదవి నిజంగానే అతనికి దక్కింది.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. వారం తిరక్కుండానే లింకన్ హత్య. చనిపోయిన సైనికులు 6 లక్షల 20 వేలని పాత లెక్క. అంతకంటే ఎక్కువేనని ఇప్పటి చరిత్రకారులు చాలామంది అంటారు. ఆ ఏడాది డిసెంబర్‌లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది.

పరిహారం ఎవరికిచ్చారో తెలుసా?

ఒక్క విషయం చెబితే మీకు ఒళ్లు మండుతుంది. 1862 ఏప్రిల్‌లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దు చేసినప్పుడు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఒక్కో మనిషికి 300 డాలర్ల దాకా. ఎవరికి? బానిసలకి కాదు, యజమానులకి! జీవితమంతా జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్లకి మాత్రం, దేశం వదిలి వెళ్లిపోతానంటే 100 డాలర్ల దాకా ఇస్తామన్నారు.

భూమి ఇస్తామన్న మాటా ఒకటుంది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు ఇచ్చాడు. తీరప్రాంతంలో యజమానులు వదిలేసి పారిపోయిన పొలాల్ని, కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా, విముక్తులైన వాళ్లకి పంచాలని. వేల కుటుంబాలు దిగి దున్నుకున్నాయి. లింకన్ తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ కొన్ని నెలలకే దాన్ని తిరగేశాడు. తిరుగుబాటు చేసిన భూస్వాముల్ని క్షమించి, పొలాలు వాళ్లకే అప్పగించాడు. నాట్లేసిన వాళ్లని ఖాళీ చేయించాడు. భూమి పట్టా చేతికొచ్చి మళ్లీ లాక్కోబడితే ఎలా ఉంటుందో మన ఊళ్లలో చాలా కుటుంబాలకి వేరే చెప్పక్కర్లేదు.

స్మాల్స్ దగ్గర మాత్రం ఓడకిచ్చిన బహుమతి 1,500 డాలర్లు ఉన్నాయి. బ్యూఫర్ట్‌లో పన్ను కట్టలేదని ప్రభుత్వం జప్తు చేసిన ఒక ఇల్లు వేలానికి వచ్చింది. అది మెక్కీల ఇల్లు. వెనక గుడిసెలో తను పుట్టిన ఇల్లు. కొనేశాడు. ఆ ఆస్తి కోసం పాత హక్కుదార్లు కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు దాకా పోరాడి నిలబెట్టుకున్నాడు. అంతకుముందే, యుద్ధం నడుస్తుండగానే చదవడం, రాయడం నేర్చుకున్నాడు.

పదేళ్లు వెలిగిన దీపం

ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఊరుకోలేదు. వెంటనే ‘బ్లాక్ కోడ్స్’ అనే చట్టాలు తెచ్చాయి. సౌత్ కరోలినాలో నల్లవాడు పొలం పని, ఇంటి పని కాకుండా ఇంకేదైనా చేయాలంటే లైసెన్సు కొనాలి. పని లేకుండా కనిపిస్తే దిమ్మరి అని అరెస్టు. పేరు మారింది, గొలుసు అదే.

దీంతో అమెరికా పార్లమెంటుకి కోపం వచ్చింది. 1867లో దక్షిణాదిని సైన్యం అదుపులోకి తెచ్చి, నల్లజాతి మగవాళ్లకి ఓటిచ్చి, కొత్త రాజ్యాంగాలు రాసుకోమంది. 1868లో 14వ సవరణ: అమెరికా గడ్డ మీద పుట్టినవాళ్లకి పౌరసత్వం, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ. 1870లో 15వ సవరణ: జాతి, రంగు, గత బానిసత్వం పేరుతో ఓటు నిరాకరించకూడదు. ఈ కాలాన్నే ‘పునర్నిర్మాణం’ అంటారు.

1868లో సౌత్ కరోలినా కొత్త రాజ్యాంగం రాసిన సభలో స్మాల్స్ సభ్యుడు. ఆయన పట్టుబట్టిన విషయం స్కూలు. పిల్లలందరికీ ఉచితంగా, తప్పనిసరిగా ప్రభుత్వ విద్య. చదవడం నేర్పితే నేరంగా చూసిన రాష్ట్రంలో, చదువు లేకుండా పెరిగిన మనిషి అడిగిన మొదటి వరం అది. ఆ స్కూళ్లతో పేద తెల్లవాళ్ల పిల్లలూ బాగుపడ్డారు.

రాష్ట్ర అసెంబ్లీ, తర్వాత రాష్ట్ర సెనేట్, 1875 నుంచి అమెరికా ప్రతినిధుల సభ. స్మాల్స్ ఒక్కడే కాదు. ఈ కాలంలో సుమారు 2,000 మంది నల్లజాతివాళ్లు సర్పంచి స్థాయి నుంచి సెనేటర్ దాకా రకరకాల పదవుల్లో కూర్చున్నారు. పది పన్నెండేళ్ల కిందట సంతలో అమ్ముడుపోయిన మనుషులు చట్టాలు చేశారు.

దీపం ఎలా ఆర్పారు?

ముసుగులేసుకున్న కు క్లక్స్ క్లాన్ ఇళ్లు తగలబెట్టింది, ఓటర్లని కొట్టి చంపింది. 1870ల మొదట్లో కేంద్రం గట్టిగా కేసులు పెడితే కొంత అణిగింది. కానీ ఉత్తరాదికి మెల్లగా విసుగొచ్చింది. ‘ఎన్నాళ్లీ గొడవ, వ్యాపారాలు చూసుకుందాం’ అనే మాట బలపడింది. 1876 జులైలో సౌత్ కరోలినాలోని హ్యాంబర్గ్‌లో నల్లజాతి మిలీషియా మనుషుల్ని పట్టుకుని కాల్చి చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నిక ఫలితం తేలక పార్టీలు రాజీకొచ్చాయి. హేస్ అధ్యక్షుడయ్యాడు. 1877లో దక్షిణాది ప్రభుత్వాలకి కాపలాగా ఉన్న కేంద్ర సైనికుల్ని వెనక్కి పిలిచారు.

అక్కడితో పాత పెత్తందార్లు తిరిగొచ్చారు. ఆ 1877లోనే స్మాల్స్ మీద లంచం కేసు పెట్టి శిక్ష వేయించారు. తర్వాత గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు కానీ పడాల్సిన మచ్చ పడింది.

పొలాల్లో కొత్త పద్ధతి వచ్చింది. భూమి దొరది, కష్టం కూలివాడిది, పంటలో వాటా. విత్తనం, తిండిగింజలు దొర చెప్పిన కొట్లో అప్పుకి. లెక్క రాసేది కూడా వాళ్లే. ఏడాది చివర చూస్తే అప్పే మిగిలేది. మన పాలేర్లు, నాగు అప్పుల కథలు విన్నవాళ్లకి ఇదేం కొత్తగా ఉండదు. ఇంకో కిటుకు 13వ సవరణలోనే ఉంది. నేరానికి శిక్షగా అయితే చాకిరీ చేయించుకోవచ్చు. చిన్న చిన్న నేరాలకి నల్లవాళ్లని జైల్లో వేసి, గనులకీ తోటలకీ అద్దెకిచ్చారు. వెట్టికి చట్టం ముద్ర పడింది.

1895లో సౌత్ కరోలినా మళ్లీ కొత్త రాజ్యాంగం రాసింది. ఉద్దేశం దాచలేదు, నల్లవాళ్ల ఓటు తీసేయడమే. కానీ 15వ సవరణ అడ్డు. అందుకే రంగు పేరెత్తకుండా చదువు పరీక్ష, ఆస్తి, పన్ను రశీదు అని షరతులు పెట్టారు. సభలో ఆరుగురే నల్లజాతి ప్రతినిధులు. వాళ్లలో 56 ఏళ్ల స్మాల్స్ ఒకడు.

నల్లా తెల్లా పెళ్లిళ్లు నిషేధించాలని తీర్మానం వచ్చినప్పుడు ఆయన ఒక సవరణ పెట్టాడు. అయితే నల్లజాతి స్త్రీలతో సంబంధం పెట్టుకున్న తెల్లవాళ్లని పదవులకి అనర్హుల్ని చేద్దాం, పిల్లలకి తండ్రి పేరు, ఆస్తి ఇద్దాం అన్నాడు. సభలో పెద్దమనుషులు ఇబ్బందిగా కదిలారు. సవరణ వీగిపోయింది. ఓట్లు తీసేసే రాజ్యాంగం మాత్రం గెలిచింది. స్మాల్స్ దాని మీద సంతకం పెట్టలేదు.

1915లో, తను కొనుక్కున్న ఆ బ్యూఫర్ట్ ఇంట్లోనే స్మాల్స్ కన్నుమూశాడు. అప్పటికి రాష్ట్రంలో నల్లవాళ్లకి ఓటు దాదాపు లేనట్టే. 1897 తర్వాత సౌత్ కరోలినా నుంచి మళ్లీ ఒక నల్లజాతి మనిషి అమెరికా ప్రతినిధుల సభకి వెళ్లింది 1993లో. మధ్యలో 96 ఏళ్లు!

మిగిలింది ఏంటి?

దశాబ్దాల పాటు అమెరికా పుస్తకాల్లో ఈ కథని తిరగేసి చెప్పారు. ‘బానిసత్వం నుంచి వచ్చినవాళ్లకి పాలన చేతకాలేదు, అందుకే పునర్నిర్మాణం పాడైంది’ అని. 1935లో నల్లజాతి మేధావి డూబాయిస్ పెద్ద పుస్తకం రాసి ఆ మాటని ఖండించాడు. చేతకాక పోలేదు, చేతనై నడుస్తోంది కాబట్టే తుపాకులతో ఆపారన్నది ఆయన వాదన. చదువు సంగతే తీసుకోండి. 1870లో నల్లజాతివాళ్లలో నూటికి 80 మందికి చదువు రాదు. 1900 నాటికి అది 45కి తగ్గింది. అంత హింస మధ్యన!

పునర్నిర్మాణం ఓడిపోయిందని పూర్తిగా అనలేం. సైన్యం పోయినా ఆ రాజ్యాంగ సవరణలు కాగితం మీద మిగిలాయి. 1954లో స్కూళ్లలో వివక్ష చెల్లదని తీర్పొచ్చింది 14వ సవరణ ఆధారంగానే. 1965 ఓటుహక్కు చట్టానికి బలం 15వ సవరణే. ఇక్కడ జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులామ్‌గిరీ’ పుస్తకాన్ని అంకితమిచ్చింది బానిస విముక్తికి నిలబడ్డ అమెరికా ప్రజలకే.

ఇంకా దగ్గరి విషయం. హెచ్1బీ మీద వెళ్లిన మన తెలుగు జంటలకి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బిడ్డ పుడితే అమెరికా పౌరసత్వం వస్తోందంటే కారణం ఏంటనుకున్నారు? విముక్త బానిసల కోసం రాసుకున్న ఆ 14వ సవరణే. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని కుదిస్తూ ఉత్తర్వు ఇచ్చాక గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘పాపకి సిటిజన్‌షిప్ వస్తుందా రాదా’ అని టెన్షన్ పడిన వాక్యం వెనక 40 లక్షల మంది బానిసల కన్నీళ్లున్నాయి.

2023లో అమెరికా నౌకాదళం తన యుద్ధనౌక ఒకదానికి పేరు మార్చింది. దాని పాత పేరు దక్షిణాది సైన్యం గెలిచిన ఒక యుద్ధానిది. కొత్త పేరు రాబర్ట్ స్మాల్స్. గౌరవం మంచిదే. కానీ స్మాల్స్ జీవితం చెప్పే పాఠం ఓడ మీద పేరుతో తీరేది కాదు. హక్కు ఒకసారి చేతికొస్తే ఎప్పటికీ ఉంటుందనుకోవడం పొరపాటు. భూమి, చదువు, రక్షణ వెనక లేకపోతే ఓటు ఒక తరంలోనే చేజారిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వాళ్లకి మరో మూడు తరాలు పట్టింది.